డ్రాక్యులా కోట ఎక్కడం ఎలా: ఓ లెక్కల టీచరమ్మ పద్ధతి

మా తెనాలి ఇంట్లో రాత్రి తొమ్మిదిన్నర దాకా టీవీ అమ్మది. సీరియళ్ళన్నీ అయిపోయి, ఆవిడ మంచినీళ్ళ చెంబు పట్టుకుని గదిలోకి వెళ్ళాకే మాకు వంతు. మేము అంటే నేను, వేసవి సెలవులకి హైదరాబాదు నుంచి వచ్చిన మా తమ్ముడి కొడుకు. వాడు ఆరో తరగతి. నింటెండో స్విచ్ అనే ఆటల పెట్టె వెంట తెచ్చుకున్నాడు. అందులో వాళ్ళ నాన్న ఎప్పుడో కొన్న కాసిల్‌వేనియా యానివర్సరీ కలెక్షన్ ఉంది, అంటే ఆ పేరున్న పాత ఆటలన్నీ కలిపిన కట్ట. మొదటి ఆటే పెట్టాడు. పది నిమిషాల్లో నీళ్ళలోంచి చేపమనిషి ఎగిరి గుద్దితే వెనక్కి పడి మునిగిపోయాడు. మళ్ళీ పెట్టాడు, మళ్ళీ అక్కడే మునిగాడు. మూడోసారికి రిమోట్ నా ఒళ్ళో పడేసి, "అత్తా, ఈ గేమ్ చీటింగ్" అన్నాడు.

చీటింగ్ కాదు. ఐదు వారాలు పట్టింది కానీ నేను ఆ కోట పైదాకా ఎక్కాను. నాకేమీ వేళ్ళు చురుకు కాదు. 1995లో విజయవాడలో పిన్ని వాళ్ళింట్లో క్యాసెట్ పెట్టి ఆడే టీవీ గేమ్‌లో మారియో, కాంట్రా ఆడిన అనుభవం తప్ప ఇంకేం లేదు. పైగా నలభై దాటాక కళ్ళజోడు. అయినా ఎక్కానంటే కారణం, ఈ ఆట వేళ్ళ వేగంతో ఆడేది కాదు. కాలు నేల మీద ఉండగానే నిర్ణయం తీసుకోవాలి. గాల్లోకి లేచాక ఇక మార్చుకోవడానికి లేదు. నేను కింద చెప్పే కిటుకులన్నీ తిరిగి తిరిగి ఈ మాట దగ్గరికే వస్తాయి.

ముందు ఆట గురించి నాలుగు ముక్కలు. కొనామీ వాళ్ళు 1986లో జపాన్‌లో దీన్ని ఫామికామ్ డిస్క్ సిస్టమ్ (అక్కడి నింటెండో ఆటల పెట్టెకి డిస్కులు చదివే జత) మీద తెచ్చారు. అక్కడ పేరు అకుమాజో డ్రాక్యులా, అంటే దయ్యాల కోట డ్రాక్యులా అనుకోవచ్చు. 1987లో అమెరికాకి కాసిల్‌వేనియా పేరుతో వెళ్ళింది. మనకి ముప్పై ప్రాణాల కోడ్‌తో గుర్తుండిపోయిన కాంట్రా కూడా ఈ కంపెనీదే. ఇక్కడ మాత్రం అలాంటి కోడ్ దయాదాక్షిణ్యం ఏమీ లేదు. జపాన్ డిస్క్‌లో ఆటని దాచుకునే (సేవ్ చేసుకునే) వీలుండేది, అమెరికా క్యాసెట్‌లో అదీ తీసేశారు. కూర్చుంటే లేవకుండా ఒకేసారి పూర్తి చేయాలి. 2019లో వచ్చిన కలెక్షన్‌లో ఎక్కడ కావాలంటే అక్కడ దాచుకోవచ్చు. ఆ సంగతి తర్వాత చెబుతాను.

మన మనిషి పేరు సైమన్ బెల్మాంట్. చేతిలో కొరడా. కోటలో 18 స్టేజీలు. మూడేసి స్టేజీలకి ఒక అంచె, అంచె చివర ఒక పెద్ద శత్రువు. అంటే ఆరు అంచెలు, ఆరుగురు.

లెక్కల టీచర్ని కాబట్టి నేను మొదట చూసింది ప్రాణం గీతలు. తెర పైన 16 గీతలుంటాయి. మొదటి రెండు అంచెల్లో ఏది తగిలినా 2 గీతలు పోతాయి. అంటే 8 దెబ్బలకి చావు. మూడు, నాలుగు అంచెల్లో దెబ్బకి 3. పదహారుని మూడుతో భాగిస్తే ఐదు పోయి ఒకటి మిగులుతుంది, కాబట్టి ఆరో దెబ్బకి చావు. ఆఖరి రెండు అంచెల్లో దెబ్బకి 4. నాలుగు దెబ్బలు, అంతే. గబ్బిలం రెక్క తగిలినా నాలుగే, డ్రాక్యులా నిప్పు తగిలినా నాలుగే. ఈ లెక్క తెలియక ముందు "ఆట చివర్లో నా చెయ్యి ఎందుకో పాడైపోతోంది" అనుకునేదాన్ని. చెయ్యి బాగానే ఉంది, ధరలే పెరిగాయి.

గోతిలో పడితే గీతలతో పని లేదు, సూటిగా చావే. ఈ ఆటలో చాలా చావులు దెబ్బల వల్ల కావు, దెబ్బ తగిలి వెనక్కి ఎగిరి గోతిలో పడటం వల్ల. మా వాడి చేపమనిషి కథ అదే. చేప కొట్టింది 2 గీతలే, చంపింది మాత్రం నీళ్ళు. కాబట్టి అంచున నిలబడి పోట్లాట పెట్టుకోవద్దు. గోతికి వీపు పెట్టి నిలబడితే ఎంత చిన్న గబ్బిలమైనా యముడే.

ఇక దూకడం. సైమన్ దూకితే ఒకటే వంపు. నిలబడి దూకితే నిటారుగా పైకి, నడుస్తూ దూకితే ఎప్పుడూ అంతే ఎత్తు, అంతే దూరం. మధ్యలో వెనక్కి లాగలేరు, ముందుకి నెట్టలేరు. మారియో ఆడిన చేతులకి ఇది మొదట ఒంటపట్టదు. గాల్లో ఉండగా దిక్కు బటన్ నొక్కుతూనే ఉంటాం, వాడు వినడు. అంచు మీంచి దూకకుండా నడిచి పడితే ఇంకా ఘోరం, రాయిలా నిట్టనిలువుగా కిందికి పోతాడు. మొదటి స్టేజీలో కోట తలుపు ముందు శత్రువులెవరూ రాని చోటు ఉంది. అక్కడే నిలబడి ఇరవై సార్లు దూకండి. మా వాడు నవ్వాడు, "అత్తా, స్కిప్పింగ్ ఆడుతున్నావా?" అని. నవ్వనివ్వండి. ఒక దూకుడు ఎన్ని ఇటుకల దూరమో కంటికి తెలిసిపోతే సగం ఆట అయిపోయినట్టే.

కొరడాకీ ఇలాంటి బరువే ఉంది. బటన్ నొక్కగానే దెబ్బ పడదు. చెయ్యి వెనక్కి వెళ్ళి, తర్వాత ముందుకొస్తుంది. నేల మీద కొడుతున్నంతసేపూ నడవలేడు. దూకుతూ కొడితే మాత్రం గాల్లో సాగిపోతూనే ఉంటాడు. కాబట్టి ఎదురొచ్చేవాడు మీద పడ్డాక కాదు, రెండడుగుల దూరంలో ఉండగానే కొట్టాలి. మా అమ్మ అట్ల పెనం మీద నీళ్ళు చిలకరించి కాక చూస్తుందే, అలా ముందే చూసుకోవాలి. నేలబారుగా వచ్చేవాటికి కిందికి నొక్కి కూర్చుని కొట్టండి.

మొదట్లో చేతిలో ఉండేది తోలు కొరడా, పొట్టిది. కొవ్వొత్తులు కొడుతూ పోతే కొరడా బొమ్మ పడుతుంది. ఒకటి తీసుకుంటే గొలుసవుతుంది, రెండోది తీసుకుంటే పొడుగు గొలుసు. మొదటి కొన్ని కొవ్వొత్తుల్లోనే ఇవి దొరుకుతాయి. చస్తే మళ్ళీ తోలుకి వచ్చేస్తుంది కాబట్టి, బతికొచ్చాక మొదటి పని కొవ్వొత్తులు కొట్టడం. పొట్టి కొరడాతో పరుగెత్తి ముందుకి పోయేవాళ్ళు చావుకి ఎదురెళుతున్నట్టే.

కొవ్వొత్తుల్లోంచి గుండె బొమ్మలు పడతాయి. ఇవి ప్రాణం అనుకుని నేను రెండు రోజులు పొరబడ్డాను. కాదు, ఇవి కొరడాతో పాటు దగ్గరుంచుకుని విసిరే రెండో ఆయుధానికి తూటాలు. చిన్న గుండె 1, పెద్దది 5. ప్రాణం పెంచేది గోడల్లో దాచిన మాంసం ముక్క. కొన్ని చోట్ల గోడ ఇటుక కొడితే పగిలి పళ్ళెంతో సహా కనబడుతుంది. తింటే 6 గీతలు తిరిగొస్తాయి. అమ్మ ఒకరోజు చూసి, "గోడలో కూర దాచుకునే వాళ్ళింట్లోకి ఎందుకు పోతావే" అంది. శుద్ధ శాకాహారి ఆవిడ.

మెట్ల దగ్గర జాగ్రత్త. పైకి నొక్కి ఎక్కాలి, కిందికి నొక్కి దిగాలి. మెట్ల మీద ఉండగా దూకలేరు. పై నుంచి ఏదన్నా వస్తోందని తెలిస్తే మెట్లు ఎక్కకుండా కిందే ఆగి, దాన్ని రానిచ్చి కొట్టి అప్పుడెక్కండి. కానీ మెట్ల మీద ఒక మేలుంది. అక్కడ దెబ్బ తగిలితే గీతలు పోతాయి గానీ వెనక్కి ఎగరం. గోతి పక్కన మెట్లుంటే, ఆ మెట్లని మించిన భద్రమైన చోటు లేదు.

ఇంకో ఇబ్బంది మెట్ల వల్లే వస్తుంది. రెండో ఆయుధం విసరాలంటే పైకి నొక్కి కొరడా బటన్ కొట్టాలి. మెట్లెక్కడానికీ పైకే నొక్కాలి. తొందరలో కొరడా కొడదామనుకుంటే గుండెలు ఖర్చయిపోతాయి. స్విచ్ మీద గుండ్రటి కర్రతో (అనలాగ్ స్టిక్) ఆడితే ఇది మరీ ఎక్కువ, బొటనవేలు కాస్త పైకి జారినా ఆయుధం పోతుంది. కర్ర వదిలేసి దిక్కుల బటన్లతోనే ఆడండి. టీవీకి కలిపి ఆడుతుంటే టీవీ సెట్టింగుల్లో గేమ్ మోడ్ పెట్టుకోండి, బటన్ నొక్కాక తెర మీద కదలిక ఆలస్యం కాకుండా ఉంటుంది. మాది పెట్టాక తేడా నాకే తెలిసింది, అప్పటిదాకా నా వయసే కారణం అనుకున్నాను.

రెండో ఆయుధాలు ఐదు. బాకు సూటిగా పోతుంది, దానితో పెద్దగా పని లేదు. గొడ్డలి పైకి వంపు తిరిగి పడుతుంది, ఎత్తులో ఎగిరేవాటికి మంచిది. శిలువ వెళ్ళి తిరిగి వస్తుంది, రెండుసార్లు కొడుతుంది. వాచీ కాసేపు చాలామందిని బిగుసుకుపోయేలా చేస్తుంది కానీ వాడిన ప్రతిసారీ 5 గుండెలు మింగుతుంది. మిగతావాటికి ఒకటే. ఇక ఐదోది హోలీ వాటర్. మా వాడు దీనికి తీర్థం అని పేరు పెట్టాడు. నేల మీద పడి కాసేపు మంటలా మండుతుంది, ఆ మంటలో చిక్కినవాడు కదలలేడు.

నా అభిప్రాయం ఒక్కటే. తీర్థం దొరికితే ఇక మార్చొద్దు. కొత్త ఆయుధం ముట్టుకుంటే పాతది పోతుంది, తిరిగి రాదు. ఆయుధంతో శత్రువుల్నో కొవ్వొత్తుల్నో కొడుతూ పోతే రెండు అంకె ఉన్న చీటీ పడుతుంది, తర్వాత మూడు అంకెది. మూడుంటే ఒకేసారి తెర మీద మూడు తీర్థాలు విసరొచ్చు. మూడు తీర్థాలున్న సైమన్ వేరే మనిషి. ఒకసారి నాలుగో అంచె చివర దాకా మూడు తీర్థాలతో రాజులా వెళ్ళి, దూకుతూ దూకుతూ ఓ కొవ్వొత్తి కొట్టాను. బాకు పడింది. నేను అప్పటికే గాల్లో ఉన్నాను. సరిగ్గా దాని మీదే దిగాను. అందుకే చెప్పాను, గాల్లోకి లేచాక మార్చడానికి లేదని. ఆయుధాన్ని దాచుకోవాలనుకుంటే, తెలియని కొవ్వొత్తులని దూకుతూ కొట్టకండి. నిలబడి కొట్టి, ఏం పడిందో చూసి, వద్దనుకుంటే అది మాయమయ్యేదాకా ఆగండి.

ఇక ఒక్కో అంచె. మొదటి అంచె గురించి చెప్పేదేం లేదు. శవాలు ఆగకుండా వస్తూనే ఉంటాయి, వాటిని చంపి గెలుద్దామని నిలబడొద్దు, నడుస్తూ కొట్టండి. నల్ల చిరుతలు కూర్చుని ఉంటాయి, దగ్గరకెళితే లేచి పరుగెత్తుతాయి. లేచిన క్షణంలో కొట్టండి. చివర పెద్ద గబ్బిలం. దానికి గొడ్డలి ఉంటే చాలు, కింద నిలబడి పైకి విసురుతూ ఉండండి. ఈ పెద్ద శత్రువులందరికీ కూడా 16 గీతలే, మనలాగే. చచ్చాక ఒక గోళం పడుతుంది, అది ముట్టుకుంటే ప్రాణం నిండి అంచె పూర్తవుతుంది.

రెండో అంచెలో మెడూసా (గ్రీకు కథల్లో జుట్టుకి బదులు పాములున్న రాక్షసి) తలకాయలు మొదలవుతాయి. ఇవే ఈ ఆటకి అసలు శత్రువులు. ఒక్కో తలకాయ అల లాగా పైకీ కిందికీ ఊగుతూ అడ్డంగా వస్తుంది. ఎన్ని చంపినా వస్తూనే ఉంటాయి. నేను పదో తరగతి పిల్లలకి త్రికోణమితి చెప్పేటప్పుడు బోర్డు మీద గీసే సైన్ గీత అచ్చు ఇదే. దాన్ని కళ్ళతో వెంబడిస్తే దెబ్బ తప్పదు. అది ఇప్పుడెక్కడుందో చూడొద్దు, నా దగ్గరికి వచ్చేసరికి పైనుంటుందా కిందుంటుందా చూడాలి. కింద వస్తుందంటే దూకి దాటు, పైనుంటే కూర్చో లేదా కింద నుంచి నడిచిపో. మధ్యలో వస్తోందంటే ఆగి కొరడా. గోతులు దాటాల్సిన చోట ఒక తలకాయ దాటిపోగానే దూకాలి. తర్వాతది వచ్చేలోపు ఒక దూకుడుకి సరిపడా సమయం ఉంటుంది, రెండుకి ఉండదు. చివర అసలు మెడూసా. మూడు తీర్థాలుంటే ఆవిడ కాళ్ళ కింద మంటలు ఆరకుండా వేస్తూ ఉండండి, పాములు వదిలే తీరిక కూడా ఉండదు.

మూడో అంచె బయట శిథిలమైన బురుజుల మీద. కాకులు ఆగి చూసి మీద పడతాయి, అవి కదలకముందే కొట్టండి. ఎముకల స్తంభాలు నిప్పులు కక్కుతాయి, నిప్పుని కొరడాతో ఆర్పొచ్చు. అంచె చివర ఇద్దరు మమ్మీలు, అంటే గుడ్డపీలికలు చుట్టిన ఈజిప్టు శవాలు. తీర్థంతో తేలిక.

నాలుగో అంచెలో గెంతుడుగాళ్ళని జాగ్రత్తగా చూడండి. ఇది మా పేరు. గద్దలు తెచ్చి పైనుంచి పడేసే పొట్టివాళ్ళు. దిగగానే ఎటు గెంతుతారో వాళ్ళకే తెలియదు. తెలియని చోట నేను పెట్టుకున్న నియమం, గద్ద తెర అంచున కనబడగానే నేను ఆగిపోతాను. వాడు దిగుతాడు, ఒకసారి గెంతుతాడు, దగ్గరకొస్తాడు, అప్పుడు కూర్చుని కొడతాను. పరుగెత్తిన ప్రతిసారీ ఇద్దరు ముగ్గురు పోగుపడి నన్ను మధ్యలో వేసుకున్నారు. చివర ఫ్రాంకెన్‌స్టైన్ భూతం, దాని భుజం మీంచి దిగి గెంతే ఇగోర్. ఇగోర్‌ని పూర్తిగా చంపలేరు, కాసేపు మత్తులో పడతాడంతే. వాడితో పని పెట్టుకోకండి. భూతం కాళ్ళ కింద తీర్థం మండుతూ ఉండాలి, ఇగోర్‌ని దూరంగా కొరడాతో తరమాలి.

ఇప్పుడు అసలు సంగతి. ఐదో అంచె చివరి హాలు, 15వ స్టేజీ. ఐదు వారాల్లో నాకు మూడు వారాలు ఇక్కడే పోయాయి. దెబ్బకి 4 గీతలు. గొడ్డళ్ళు విసిరే ఇనప భటులు ఒకరి తర్వాత ఒకరు. వాళ్ళ గొడ్డలి వచ్చి తిరిగి పోతుంది. ఒకసారి తల మీదుగా, ఒకసారి కాళ్ళ దగ్గర. పైగా రెండు వైపుల నుంచీ మెడూసా తలకాయలు. హాలు దాటితే యముడు.

మొదటి వారం నేను భటుణ్ణి చూసి ఆడాను, తలకాయలు నన్ను చంపాయి. రెండో వారం తలకాయల్ని చూసి ఆడాను, భటుడి గొడ్డలి చంపింది. మూడో వారం తోచింది, భటుడు వెనక్కి పోతాడు ముందుకొస్తాడు గానీ నా మీద పడడు. తొందర నాదే. కాబట్టి పద్ధతి ఇలా మార్చుకున్నాను. కొరడా కొన అందేంత దూరంలో నిలబడతాను. గొడ్డలి పైన వస్తే కూర్చుంటాను, కింద వస్తే నిటారుగా దూకుతాను. ముందుకి దూకను. గొడ్డలి వెనక్కి పోయేటప్పుడు ఒక దెబ్బ, కుదిరితే రెండు. ఆ తర్వాత తప్పనిసరిగా ఒక అడుగు వెనక్కి వేసి తలకాయల వైపు చూస్తాను. తలకాయ దగ్గరైతే దాన్ని కొట్టాక మళ్ళీ భటుడు. మూడు శిలువలుంటే ఈ హాలు సగం తేలికవుతుంది. విసిరిన శిలువ తలకాయల్నీ భటుణ్ణీ ఒకే దారిలో కొట్టి తిరిగొస్తుంది. తీర్థం ఉన్నా భటుడి కింద వేస్తే గొడ్డలి విసరలేక ఆగిపోతాడు, ఆ సందులో కొరడా. గుండెలు మాత్రం ఖర్చు చేసేయొద్దు. హాలు దాటేసరికి కనీసం పదిహేను చేతిలో ఉండేలా చూసుకోండి, అవి యముడికి.

యముడంటే మన పాశం, దున్నపోతు యముడు కాదు. అస్థిపంజరం, నల్ల ముసుగు, చేతిలో పెద్ద కొడవలి. గాల్లో తేలుతూ ఉంటాడు. చిన్న కొడవళ్ళు ఎక్కడ పడితే అక్కడ పుట్టి, తిరుగుతూ మీదికొస్తాయి. కొరడాతో వాటిని పగలగొట్టొచ్చు. కానీ కొడవళ్ళు పగలగొట్టుకుంటూ కూర్చుంటే ఆయన గీతలు తగ్గవు. కనబడ్డ క్షణం నుంచే ఆయన కింద తీర్థం మండించగలిగితే కదలనీయకుండా ముగించొచ్చు. ఆ క్షణం దాటితే ఆయన పైకి లేస్తాడు, ఇక తీర్థం అందదు. శిలువలైతే ఆయన ఎక్కడున్నా పోతాయి, నాకు చివరికి శిలువలతోనే అయ్యింది. ఆయన చావగానే మా వాడు "అత్తా!" అని అరిచిన అరుపుకి అమ్మ లేచొచ్చి ఏమైందని అడిగింది. యముణ్ణి చంపామమ్మా అంటే, రాత్రి పదకొండింటికి ఆ మాటలేంటని తిట్టింది.

దాచుకునే వీలు గురించి ఇక్కడ చెప్పాలి. కలెక్షన్‌లో 15వ స్టేజీ మొదట్లో దాచుకుని, ఆ హాలుని ముప్పై సార్లు ఆడి నేర్చుకున్నాను. సిగ్గుపడే పనేం కాదు, పిల్లలు పాత ప్రశ్నపత్రాలు చేయరా? కానీ రెండడుగులకోసారి దాచుకుంటూ పాకితే ఏమీ నేర్చుకోరు. తర్వాతి చోట మళ్ళీ అంతే పాకాలి. నేర్చుకోవడానికి దాచుకోండి, దాటడానికి వద్దు. దాచుకోకుండా ఆడినా ఆట మరీ కర్కశం కాదు. ఒక ప్రాణం పోతే ఆ స్టేజీ మొదటికి, ప్రాణాలన్నీ పోతే అంచె మొదటికి. ఎన్నిసార్లయినా కొనసాగించొచ్చు.

ఆరో అంచెలో ముందు విరిగిన వంతెన. మొదటి అంచె చివర ఒక్కటుంటే చెమటలు పట్టిన పెద్ద గబ్బిలం, ఇక్కడ దారిలో మామూలు శత్రువు. ఆగి పోరాడకండి, మీది మీదికి వస్తే తప్ప. తర్వాత గడియారపు గోపురం, చక్రాలు, మళ్ళీ గెంతుడుగాళ్ళు. గద్ద నియమం ఇక్కడా పనిచేస్తుంది. 18వ స్టేజీ చిన్నదే. పొడుగు మెట్లు, పైన డ్రాక్యులా. ఇక్కడ చస్తే ఈ స్టేజీ మొదటికే వస్తాం కాబట్టి ఓపిక ఉంటే వరసగా ఎన్నిసార్లయినా పరీక్ష రాయొచ్చు.

డ్రాక్యులా ఒక చోట మాయమై ఇంకో చోట తేలతాడు. కాసేపు ఆగి, పై వస్త్రం తెరిచి మూడు నిప్పులు వదులుతాడు. దెబ్బ తల మీద పడితేనే లెక్క. ఒంటి మీద ఎంత కొట్టినా వృథా. నేను పట్టుకున్న తాళం ఇది. నా మీదే తేలుతున్నట్టు కనబడితే రూపం గట్టిపడకముందే పక్కకి నడిచిపోతాను. దూరంగా తేలితే కొరడా అందేంత దూరానికి నడిచి ఆగుతాను. వస్త్రం తెరుచుకోగానే నిటారుగా దూకి గాల్లోనే కొడతాను. ఆ ఒక్క దూకుడులో నిప్పులూ కింద నుంచి పోతాయి, కొరడా తలకీ తగులుతుంది. ఇలా పదహారు గీతలు. ఒక్కసారి తొందరపడి ముందే దూకితే దిగేసరికి నిప్పులు ఎదురొస్తాయి, నాలుగు గీతలు పోయినట్టే. ఎప్పుడు దూకాలో ఆ వస్త్రమే చెబుతుంది. నా వేలు కాదు, దాని కదలిక చెప్పేదాకా ఆగాలి. అదే కష్టం.

తల ఎగిరిపోయాక అయిపోయిందనుకోకండి. పెద్ద దయ్యంగా లేస్తాడు, కొత్త 16 గీతలతో. మనకి మాత్రం ప్రాణం నిండదు, మిగిలినంతే. ఇతనూ తలే. గెంతుతూ నిప్పులు ఉమ్ముతాడు. తీర్థం ఉంటే ఇక్కడ దాని విలువ తెలుస్తుంది, మంటలో చిక్కి నిలబడిపోతాడు. లేకపోతే గెంతినప్పుడు కింద నుంచి అటు పక్కకి నడిచిపోయి, దిగగానే దూకి తల మీద కొట్టాలి. రెండు దెబ్బల దురాశ పడితే నేను ప్రతిసారీ ఓడిపోయాను. దిగాడు, ఒక దెబ్బ, నడక. మళ్ళీ దిగాడు, ఒక దెబ్బ, నడక. రెండు గీతలతో మిగిలాను.

కోట కూలిపోయాక పేర్లు వస్తాయి. అవన్నీ పాత దయ్యాల సినిమాల వాళ్ళ పేర్లని వంకర తిప్పిన వేళాకోళం పేర్లు. సంగీతం దగ్గర జేమ్స్ బనానా అని పడుతుంది. అసలు ఆ సంగీతం కినుయో యామషితా, సతోయే తెరాషిమా అనే ఇద్దరు మహిళలది. అంత బాగా చేసి అరటిపండు పేరు పెట్టుకోవడం ఏమిటో. మొదటి స్టేజీ పాట మా అమ్మ కూడా ఈమధ్య పూజ గదిలో కూనిరాగం తీస్తోంది, తనకే తెలియకుండా.

పేర్లయ్యాక ఆట ఆగదు. మళ్ళీ కోట ముందు నిలబెడుతుంది, ఈసారి శత్రువులు ఇంకా గట్టివాళ్ళు. నేను రిమోట్ వాడికిచ్చాను. కోట తలుపు ముందు నిలబడి ఇరవై సార్లు దూకాడు, నేనేమీ అనకుండానే. తర్వాత లోపలికెళ్ళి, మెట్లు దిగి నీళ్ళ దగ్గర ఆగాడు. చేప ఎగిరేదాకా కదల్లేదు.